కుర్లాపోసి గోళా

ఉక్కు గోళా హాడిబంధు మహంత చొక్కా లోపల, బొడ్డు మీద, గమ్చా తువ్వాలుతో బిగించి కట్టి ఉంది. కమలాపండు కంటే కాస్త పెద్దది. దాని మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉన్నాయి. కుర్లాపోసి, జామ్‌ధర. ఆ రెంటి మధ్య ఒంటి లైను. గోళా చేతికి వస్తేనే డ్రైవరు ఆ లైను మీదికి బండి నడపాలి. స్టేషన్‌లో ఉన్న ఇనుప యంత్రం ఒకసారికి ఒక్క గోళానే బయటికి వదులుతుంది. అది తిరిగి వచ్చేదాకా రెండోది ఇవ్వదు. అందుకే పట్టాలు విప్పే పని ఉన్న రోజున ఆ పనివాళ్ళ పెద్ద, గ్యాంగ్ మేట్, ఆ గోళాని తన దగ్గర పెట్టుకుంటాడు. అది అతని ఒంటి మీద ఉన్నంతసేపూ లైను అతనిది. ఏ బండీ రాదు. మంత్రిగారి బండైనా సరే.

హాడిబంధు ట్రాలీని నెట్టుకుంటూ స్టేషన్ చేరేసరికి పదకొండు కావస్తోంది. ట్రాలీ మీద సుకురా ముండా పడుకుని ఉన్నాడు. వంతెన మీద పట్టాల కింద పరిచే కొయ్య స్లీపరు జారి అతని కుడి పాదం మీద పడింది. పాదం ఇప్పుడు పాదంలా లేదు.

"ఇంకెంత దూరం, భాయినా?"

"వచ్చేశాం. అదిగో మాస్టర్‌బాబు బట్టతల మెరుస్తోంది."

సుకురా నవ్వబోయి పళ్ళు బిగించాడు.

స్టేషన్ మాస్టర్ బాంఛానిధి రథ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ పాదం చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి సుకురాని ప్లాట్‌ఫాం మీది బల్లకి చేరవేశారు. రథ్ టెలిఫోను తిప్పాడు. జోడా ఆసుపత్రిలో ఎవరో ఎత్తారు. రజ పండగ మూడో రోజు, డాక్టరు ఊళ్ళో లేడు, అంబులెన్సు డ్రైవరు అత్తారింట్లో ఉన్నాడు, అయినా చూస్తాం అన్నారు.

"నువ్వెందుకు వచ్చావు, మేట్? ఇంకొకణ్ణి పంపొచ్చుగా?" అన్నాడు రథ్.

"ఎవర్ని పంపను? ఫీల్డ్ టెలిఫోను వారం నుంచి మూగది. గోళా పట్టుకునే అర్హత పరీక్ష రాసింది నేనొక్కణ్ణే. నేను కదిలితే గోళా నాతో కదలాలి. వీణ్ణి మీకు అప్పజెప్పి వెళ్ళిపోతాను. పైన వంతెన మీద పదకొండు మంది ఉన్నారు. రెండు పట్టాలు విప్పి పక్కన పెట్టాం."

వంతెన అక్కడికి మూడు కిలోమీటర్లు. మూడు గర్డర్లు, కింద నలభై అడుగుల లోతున రాళ్ళ వాగు. దానికి ముందు కొండని కోసిన మలుపు. డ్రైవరుకి వంతెన కనబడేది రెండు వందల గజాల దగ్గర. ముడి ఇనుము నింపిన బండి ఆగడానికి కిలోమీటరు కావాలి. వాగు హోరులో బండి చప్పుడు పైవాళ్ళకి వినబడదు. వినవలసిన అవసరం ఉందని కూడా వాళ్ళు అనుకోరు. గోళా మేట్ దగ్గర ఉంది కదా.

ఆ పదకొండు మందిలో ఒకడు ఘాసి, హాడిబంధు భార్యకి తమ్ముడు.

ఊరి వైపు నుంచి ఉయ్యాల పాటలు వినబడుతున్నాయి. రజ మూడు రోజులూ భూదేవి ముట్టులో ఉంటుంది. నాగలి కదలదు, పార నేలని తాకదు. కేవుంఝర్ జిల్లాలో ఆ మూడు రోజులూ గడ్డి పరక పీకేవాడు కూడా ఉండడు.

స్టేషన్ పక్కన బండ్లు ఆపే లూపు లైను మీద ముడి ఇనుము నింపిన బండి నిలబడి ఉంది. ఇంజను గురగురలాడుతోంది. దాని పక్కనే ఖనిజం కడిగిన బురదని వదిలే చెరువు. చుట్టూ మట్టి కట్ట. బురద రక్తం గడ్డకట్టినట్టు ఎర్రగా, ఎండకి పైన పెచ్చు కట్టి ఉంది.

జీపు ఒకటి ప్లాట్‌ఫాం మీదికే వచ్చి ఆగింది.

నబఘన సామల్ దిగాడు. పండగ చొక్కా, నోట్లో పాన్. గనుల నుంచి సరుకు ఎత్తించే కాంట్రాక్టరు. వెనక అతని మనుషులిద్దరు. ఒకడు బిషి, తలుపంత మనిషి. రెండోవాడు చమరు, సన్నగా తాడులా ఉంటాడు, చేతిలో సైకిలు చెయిను.

"జుహార్, మాస్టర్‌బాబూ," అన్నాడు సామల్. "నా బండి ఇంకా ఇక్కడే ఎందుకుంది?"

"లైను బ్లాకు ఉంది, బాబూ. మధ్యాహ్నం రెండు దాకా ఏ బండీ కదలదు. పొద్దున్నే చెప్పాను."

"పన్నెండుకి గనుల శాఖ జీపు ఇక్కడికొస్తుంది. అడవి నేలలో తవ్వించిన సరుకు అది. పర్మిట్టు లేదు. నీకు చెబితే నష్టమేముంది, నీకు తెలియంది కాదుగా. పన్నెండుకి ఆ వ్యాగన్లు ఇక్కడ కనబడితే నేను జైలుకి. గోళా ఎక్కడుంది?"

రథ్ కళ్ళు క్షణం పాటు హాడిబంధు వైపు తిరిగాయి. ఆ క్షణం చాలు సామల్‌కి.

"ఓహో, మేట్‌బాబే వచ్చాడు! పండగ పోడపిఠా తిన్నావా? పేకాటలో ఎంత పోయింది?"

"వంతెన మీద పని జరుగుతోంది, బాబూ. పట్టాలు విప్పి ఉన్నాయి."

సామల్ పకపకా నవ్వి బిషి వైపు తిరిగాడు. "విన్నావా? రజలో పనట! వీడి తాత ముత్తాత ఎవడైనా రజలో పార ఎత్తాడా?" మళ్ళీ హాడిబంధు వైపు వేలు చూపించాడు. "పోయినేడు ఇదే రోజు నువ్వేం చేశావు? బ్లాకు తీసుకుని, ఇప్ప చెట్టు కింద పేకాడుతూ, గోళా బొడ్లో దోపుకుని పడుకున్నావు. నా బండి మూడు గంటలు ఎండింది. అవునా, కాదా?"

అది నిజమే. పోయినేడు కట్ట మట్టి పని. నేల తాకం అని గ్యాంగు మొత్తం మొరాయించింది. బ్లాకు తిరిగి ఇచ్చేస్తే పై ఆఫీసరుకి కోపం వస్తుందని తనే గోళా దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. లైను పొడుగునా అందరికీ తెలిసిన కథే.

"అది మట్టి పని. ఇది కొయ్య పని. వంతెన మీద నేలెక్కడుంది? అందుకే ఈ రోజు పెట్టుకున్నాం. నమ్మకపోతే వీడి కాలు చూడు."

"తాగి ఉయ్యాల మీంచి పడ్డాడేమో. ఇయ్యి."

"ఇవ్వను."

"చూడు, నేను నీ శత్రువుని కాను. ఆ గోళా డ్రైవరు చేతిలో పెడతాను. పది నిమిషాల్లో బండి పోతుంది. నీ మనుషులు చెట్టు కిందే ఉంటారు. ఎవడికీ ఏమీ కాదు."

"పదకొండు మంది చస్తారు."

సామల్ పాన్ ఉమ్మేశాడు. "బిషీ."

బిషి అడుగు వేసేలోగా హాడిబంధు వెనక్కి తిరిగి, బల్ల మీద ఉన్న సుకురా మీదికి వంగి, నీళ్ళు పట్టించబోతున్నట్టు అతని తల ఎత్తాడు. ఆ వంగడంలోనే గమ్చా ముడి జారింది. గోళా సుకురా తొడ కిందికి చేరింది. సుకురా కళ్ళు ఒకసారి పెద్దవయ్యాయి. అంతే, మళ్ళీ మూసుకున్నాడు.

బిషి హాడిబంధుని కాలరు పట్టి గిరాటేశాడు. చొక్కా చింపాడు. బొడ్డు మీద గమ్చా తప్ప ఏమీ లేదు.

"ఎక్కడ?"

"వంతెన దగ్గర."

చమరు సైకిలు చెయినుతో కొట్టాడు. మొదటి దెబ్బకి చెవి చిట్లింది. రెండో దెబ్బ మెడ చుట్టూ తిరిగి దవడ మీద పడింది. రథ్ టెలిఫోను వైపు పరుగెత్తాడు. చమరు అతన్ని వెనక నుంచి తన్ని, తీగ తెంపి, దాంతోనే అతని చేతులు కుర్చీకి కట్టాడు.

"వదిలెయ్యండి రా, బ్రాహ్మణ్ణి రా!" అన్నాడు రథ్.

"అందుకే గదా చేతులు మాత్రమే కట్టాను. నోరు నీదే, మంత్రాలు చదువుకో."

బిషి హాడిబంధు కుడి చేతిని ప్లాట్‌ఫాం అంచు రాయి మీద పెట్టి, పట్టాలు మార్చే పాయింట్‌మన్ గోడకి ఆనించి వెళ్ళిన స్పానరు తీసుకున్నాడు. నాలుగు కిలోల ఇనుము.

"మేట్, నాకు నీ మీద కోపం లేదు. చెప్పెయ్."

"వంతెన దగ్గర."

స్పానరు దిగింది. రెండు వేళ్ళు నలిగిన చప్పుడు రథ్‌కి కుర్చీ దాకా వినబడింది. హాడిబంధు కేక వేశాడు, కానీ ఆ కేకలో మాట లేదు.

"ఎక్కడ?"

"వంతెన..."

మళ్ళీ దిగింది. ఈసారి మూడో వేలు.

"ఆపు," అన్నాడు సామల్. గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. అతను హాడిబంధు ముఖం చూడటం లేదు. హాడిబంధు ఎటు చూడకుండా ఉన్నాడో దాన్ని చూస్తున్నాడు. ఇంత దెబ్బ తింటున్నవాడు ఒక్కసారి కూడా తన మనిషి వైపు తల తిప్పలేదు.

"ఆ కాలివాణ్ణి లేపు."

"వాణ్ణి ముట్టుకోకు!" అని హాడిబంధు లేవబోయాడు. చమరు మోకాలితో అతని వీపు మీద కూర్చున్నాడు.

బిషి బల్ల దగ్గరికి వెళ్ళాడు. సుకురా అతని ముఖంలోకి చూశాడు.

"నీకు అమ్మ ఉందా, బాబూ?" అన్నాడు సుకురా.

"ఉంది."

"నాకు లేదు. అడిగేవాళ్ళు లేరు, ఏం చేస్తావో చేసుకో."

బిషి ఒక్క క్షణం ఆగాడు. సామల్ చిటిక వేశాడు. బిషి బూటు ఎత్తి ఆ నలిగిన పాదం మీద పెట్టి తొక్కాడు. సుకురా దేహం విల్లులా లేచి బల్ల మీంచి పడిపోయింది. అరుపు లేదు, స్పృహ తప్పాడు. గోళా టంగుమని నేల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి, సామల్ చెప్పుకి తగిలి ఆగింది.

"రజ సంబరం," అన్నాడు సామల్, వంగి దాన్ని తీసుకుంటూ.

డ్రైవరుకి గోళా అందించడానికి స్టేషన్ గోడకి వేలాడదీసిన వెదురు చట్రం తీశాడు. గోళాని దాని తోలు సంచిలో వేసి బిషిని వెంటబెట్టుకుని ఇంజను వైపు నడిచాడు. చమరు హాడిబంధు వీపు మీదే ఉండిపోయాడు.

"కదలకు," అన్నాడు చమరు. "అయిపోయింది. బండి పోగానే వదిలేస్తాను. మేము రాక్షసులమేం కాదు."

హాడిబంధు చెంప నేలకి ఆని ఉంది. చెవిలో రక్తం నిండుతోంది. గర్డరు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, కాళ్ళు గాలిలో వేలాడేసి, బోల్టు తిప్పుతున్న ఘాసి కళ్ళ ముందు మెదిలాడు. పొద్దున్న అక్కడే నిలబడి అన్నాడు వాడు, బావా, నీ బొడ్లో లైను ఉంటే నా బొడ్లో ధైర్యం ఉంటుంది అని.

ఎడం చేయి ఖాళీగా ఉంది. సైకిలు చెయిను చమరు పక్కన నేల మీద పడి ఉంది. హాడిబంధు దాన్ని అందుకుని వెనక్కి, చూడకుండా, శక్తికొద్దీ విసిరాడు. చమరు కన్ను మీద తగిలింది. వాడు రెండు చేతులతో ముఖం కప్పుకుని పక్కకి ఒరిగాడు. హాడిబంధు లేచి వాడి గొంతు మీద మోకాలు పెట్టాడు. కొరడా లాంటి ఆ మనిషి రెండుసార్లు తన్నుకున్నాడు. మూడోసారి తన్నుకోలేదు. చచ్చాడో బతికాడో చూసే తీరిక లేదు హాడిబంధుకి.

పరుగెత్తాడు.

ఇంజను కిటికీలోంచి డ్రైవరు ఇగ్నేస్ టోప్నో చేయి చాచి ఉన్నాడు. రాంచీ వైపు మనిషి, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. చట్రం అప్పుడే అతని మోచేతి మీదికి ఎక్కుతోంది. హాడిబంధు కింద నుంచి ఎగిరి ఎడం చేత్తో దాన్ని పట్టుకుని వేలాడాడు.

"ఏయ్! ఏంటిది?" అన్నాడు టోప్నో. కింద రక్తంలో తడిసిన ముఖం చూసి గతుక్కుమన్నాడు. "మేట్, నువ్వా?"

"పట్టాలు విప్పి ఉన్నాయి! వంతెన మీద పదకొండు మంది!"

టోప్నో చట్రం వదిలేశాడు. చట్రంతో సహా హాడిబంధు కింద పడ్డాడు. పళ్ళతో సంచి మూత లాగి, గోళాని ఎడం చేతిలోకి తీసుకుని, చెరువు వైపు విసిరాడు.

ఎడమచేతి వాటం కాదు అతనిది. గోళా కట్ట మీద పడింది, ఒకసారి ఎగిరింది, లోపలి వైపు దొర్లింది, ఎర్ర పెచ్చు మీద పది పదిహేను అడుగుల దూరాన ఆగిపోయింది. మునగలేదు. ఎండలో మెరుస్తూ అక్కడే కూర్చుంది.

సామల్ చొక్కా కింద నుంచి నాటు తుపాకి తీశాడు. ఒక్క గుండు పట్టేది.

"డ్రైవరూ, బండి కదిలించు. గోళా చూశావుగా. పట్టుకున్నావుగా. చాలు."

టోప్నో కిటికీలోంచి తల బయటపెట్టాడు. "పట్టుకున్నాను, వదిలేశాను. ఇప్పుడు నా చేతిలో లేదు. గోళా ఇచ్చి చూడు, నరకం దాకా నడుపుతాను. గోళా లేకపోతే నీ పెళ్ళికైనా నడపను."

"కాల్చేస్తాను."

"కాల్చు. తర్వాత బండి నువ్వే తోలుకో. హ్యాండిలు ఏదో కూడా తెలియదు నీకు."

సామల్ గోళా వైపు చూశాడు. పదకొండూ ముప్ఫై అయిదు. "బిషీ, అది పట్టుకురా. పెచ్చు గట్టిగానే ఉంది."

బిషి కట్ట దిగాడు. ఒక అడుగు, రెండు అడుగులు, పెచ్చు మోసింది. ఏడో అడుగున గోళా అందింది. వంగి తీసుకున్నాడు. నవ్వుతూ వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో తలుపంత మనిషి బరువంతా ఒక్క మడమ మీద పడింది. పెచ్చు పటక్కున విరిగింది. తొడల దాకా దిగిపోయాడు.

"బాబూ!"

"కదలకు! గోళా ఇటు విసురు!"

"తాడు వెయ్యండి బాబూ! లాగేస్తోంది!"

"ముందు గోళా!"

బిషి కాలు ఎత్తబోయాడు. ఎత్తినకొద్దీ దిగాడు. బురద నడుము దాటింది. ఆ చెరువులో పోయినేడు రెండు గేదెలు పోయాయి, కొమ్ములు కూడా దొరకలేదు. అది బిషికీ తెలుసు. అతని ముఖం చిన్నపిల్లాడి ముఖమైపోయింది.

హాడిబంధు కట్ట మీది గుంజ ఒకటి ఎడం చేత్తో పెకలించాడు. పొడవాటి వెదురు. కట్ట అంచున బోర్లా పడుకుని దాన్ని ముందుకి తోశాడు. కొస బిషికి జానెడు దూరంలో ఆగింది.

"పట్టుకో! ముందుకు వంగి పట్టుకో!"

బిషి ఒక చేత్తో అందుకున్నాడు. వెదురు బురదకి జారింది. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ జారింది.

"గోళా వదిలెయ్ రా! రెండు చేతులూ కావాలి!"

"వదిలావంటే చంపేస్తాను!" అన్నాడు సామల్. "ఇటు విసురు, నేనే లాగుతాను. నా అమ్మ మీద ఒట్టు."

బురద పొట్ట దాటి గుండె దగ్గరికి వచ్చింది. బిషి ఒకసారి సామల్ వైపు చూశాడు. సామల్ చేతిలో తుపాకి ఉంది, తాడు లేదు. హాడిబంధు వైపు చూశాడు. తను నలగ్గొట్టిన చేయి గుంజ మీద అడ్డంగా పడి ఉంది, వేళ్ళు తలో వైపు తిరిగి.

"మేట్," అన్నాడు. "నిజంగానే ఉన్నారా పైన?"

"పదకొండు మంది. నా బావమరిది కూడా."

బిషి పిడికిలి విప్పాడు. గోళా పెచ్చు విరిగిన చోట పడింది. బుడుంగుమని కూడా అనలేదు. ఎర్ర బురద ఒకసారి నోరు తెరిచి మూసుకుంది. రెండు చేతులతో గుంజ పట్టుకున్నాడు.

హాడిబంధు లాగాడు. వెనక ఎవరో అతని నడుము పట్టుకుని లాగుతున్నారు. టోప్నో అసిస్టెంటు, ఇంజను దిగి వచ్చాడు. గుంజ అంగుళం వెనక్కి వచ్చింది. మరో అంగుళం. బిషి పొట్ట బయటపడింది.

సామల్ గడియారం చూసుకున్నాడు. తర్వాత లూపులో నిలబడ్డ యాభై వ్యాగన్ల వైపు చూశాడు. చెయ్యి ఎత్తి కాల్చాడు.

గుండు బిషి గొంతు కింద దిగింది. కట్ట మీది కొంగలు లేచిపోయాయి. బిషి ఏదో అనబోయాడు, నోట్లోంచి మాటకి బదులు నురగ వచ్చింది. చేతులు గుంజని వదల్లేదు. అసిస్టెంటు లాగాడు, హాడిబంధు లాగాడు. వాళ్ళు అతన్ని కట్ట మీదికి చేర్చేసరికి బిషి ప్రాణం పోయి నిమిషమైంది. వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.

సామల్ తుపాకి మడిచి రెండో గుండు పెడుతున్నాడు. ఈసారి హాడిబంధు తల వైపు చూస్తున్నాడు. ఇంజను మెట్ల మీంచి టోప్నో ఎప్పుడు దిగాడో అతను చూడలేదు. టోప్నో చేతిలో బ్రేకు బిగించే పెద్ద రెంచీ ఉంది. మొదటి దెబ్బ మణికట్టు మీద వేశాడు. తుపాకి పట్టాల కింద పడింది. రెండో దెబ్బ మోకాలి మీద వేశాడు. సామల్ కూలబడి, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు.

"నేనెవరో తెలుసా నీకు?" అన్నాడు.

"తెలియదు," అన్నాడు టోప్నో. మూడో దెబ్బ రెండో మోకాలి మీద వేశాడు. "నాకు ఆ పదకొండు మందీ తెలియదు. వాళ్ళని నా చేత చంపించబోయావు. ఇక బతికినన్నాళ్ళూ నిద్రలో కూడా నడిపేవాణ్ణి ఆ బండిని, నా చేతులతో."

నాలుగో దెబ్బకి రెంచీ లేచింది. హాడిబంధు ఆ చేతిని పట్టుకున్నాడు.

"చాలు, సాహెబ్. వీడు కోర్టుకి నడిచి వెళ్ళక్కర్లేదు, మోసుకెళ్తారు. నోరు మిగలాలి."

గనుల శాఖ జీపు పన్నెండుకి పది నిమిషాల ముందే వచ్చింది. అందులోని ఆఫీసరు వ్యాగన్లకంటే ముందు శవాన్ని చూశాడు. వెనక సీటు ఖాళీ చేయించి సుకురాని ఎక్కించాడు. ఇద్దరు గార్డులని సామల్ దగ్గర కాపలా పెట్టాడు. చమరు బతికే ఉన్నాడు. ప్లాట్‌ఫాం మీద కూర్చుని, ఒక కన్నుతో ఏడుస్తున్నాడు.

కట్లు విప్పగానే రథ్ మొదట చేసిన పని తెగిన తీగని పళ్ళతో ఒలిచి ముడి వేయడం. జామ్‌ధర పలికింది. తర్వాత రిజిస్టరు ముందు పెట్టుకుని, కలం పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఏమని రాయను, మేట్? రౌడీలు లాక్కుపోయారు అని రాస్తాను. నీ మీదికేమీ రాదు."

"లాక్కుపోతే గోళా ఎక్కడుందో ఎవడికీ తెలియనట్టు. రేపు ఎవడో దాన్ని ఇంకో డ్రైవరు చేతిలో పెట్టడని నమ్మకమేంటి? చెరువులో ఉంది అని రాయండి. మేట్ విసిరాడు, అక్కడే మునిగింది, డ్రైవరు చూశాడు అని రాయండి."

"గోళా పోగొడితే ఛార్జిషీటు వస్తుంది. ప్రమోషను పోతుంది. ఉద్యోగమే పోవచ్చు. రూలు రాసినవాడికి నీ వేళ్ళు కనబడవు."

"రానివ్వండి. నేనూ పోయినేడు చెట్టు కింద పడుకున్నాను. అది ఎవరూ రాయలేదు." హాడిబంధు ఎడం బొటనవేలు చాచాడు. "ముద్ర తీసుకోండి. రాసే చేయి ఈ రోజు లేదు."

రథ్ కళ్ళు తుడుచుకుని రాశాడు. సిగ్నల్ ఇన్‌స్పెక్టరు చక్రధర్‌పూర్ నుంచి వచ్చి, యంత్రాన్ని తెరిచి, లెక్క సరిచూసి, మళ్ళీ సీలు వేసేదాకా కుర్లాపోసి, జామ్‌ధర మధ్య ఏ బండీ నడవదు. రెండు రోజులు పట్టొచ్చు. మూడు కూడా పట్టొచ్చు.

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళు," అన్నాడు రథ్. "పైకి నేను కబురు పంపుతాను."

"ఎవరి చేత? మేట్ లేకుండా పట్టాలు బిగించరు. నేనే వెళ్ళాలి."

విరిగిన చేతికి రెండు చెక్కలు పెట్టి గమ్చాతో కట్టారు. టోప్నో అసిస్టెంటు, కబురందుకుని పండగ మధ్యలో వచ్చిన పాయింట్‌మన్ కలిసి ట్రాలీ నెట్టారు. కొండ మలుపు తిరిగాక వాగు హోరు వినబడింది. పట్టాలు రెండు గర్డరు పక్కన అలాగే పడి ఉన్నాయి. వాటి స్థానంలో ఖాళీ, దాని కింద ఆకాశం రంగు నీళ్ళు.

హాడిబంధు ట్రాలీ మీంచే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పది. మళ్ళీ లెక్కపెట్టాడు. పదే.

"ఘాసీ!"

గర్డరు కింద నుంచి తల ఒకటి పైకి వచ్చింది. నోట్లో బోల్టు ఉంది, దాన్ని చేతిలోకి ఉమ్మేశాడు.

"వచ్చావా బావా! రెండు గంటలు! స్టేషన్‌లో పోడపిఠా అంతా నువ్వే తినేశావా, మాకేమైనా..." అని ఆగిపోయాడు. కట్టు చూశాడు, చెవి చూశాడు, బొడ్డు దగ్గర ఏమీ లేకుండా వేలాడుతున్న చిరిగిన చొక్కా చూశాడు. ఇనుము మీద ఉన్న పది మందీ ఒక్కసారిగా అటే చూశారు. చేతులు ఆగిపోయాయి. ఇద్దరు అప్పుడే గట్టు వైపు పాకడం మొదలుపెట్టారు.

"బావా, గోళా ఏది?"

"ఉంది," అన్నాడు హాడిబంధు. "ఎవడూ తీయలేని చోట ఉంది. దిగకండి, పని చూసుకోండి. ఏ బండీ రాదు."

పాకుతున్న ఇద్దరూ ఆగి అతని ముఖంలోకి చూశారు. తర్వాత వెనక్కి తిరిగారు. కాసేపటికి సుత్తి మొదటి దెబ్బ వినబడింది, దాని వెనకే రెండోది. హాడిబంధు గట్టు మీద కూర్చుని, వాళ్ళ తలలని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.